మందారం మీద పిండి, మామిడి మీద తేనె

మామిడి పూత నిండుగా ఉన్న రోజుల్లో మా నూజివీడు వైపు వస్తే, ఏదైనా తోటలోకి వెళ్లి రెండు నిమిషాలు మాట్లాడకుండా నిలబడండి. నెత్తి మీద ఎండ ఉంటుంది, కానీ ఆకుల మీద చినుకులు పడుతున్నట్టు చిటచిటమని చప్పుడు వినిపిస్తుంది. అది తేనెమంచు పురుగు. బియ్యపు గింజంత కూడా ఉండదు. మనిషి అలికిడికి వేలకొద్దీ పురుగులు ఒక్కసారిగా ఎగిరి ఆకులకి తగులుతుంటే వచ్చే చప్పుడది. ఆ చెట్టు కింద కాసేపు ఉంటే బట్టల మీద జిగురు పడుతుంది. కొన్నాళ్లకి ఆ జిగురు పడిన ఆకులన్నీ మసి పూసినట్టు నల్లబడతాయి.

ఈ కాలమ్ మామిడి గురించి కాదని మీకు తెలుసు. మన కబుర్లన్నీ మందారాలు, గులాబీలు, క్రోటన్లు, బాల్కనీ కుండీల గురించే. కానీ ఈ వారం తోట దగ్గర మొదలుపెట్టడానికి కారణం ఉంది. మీ మందారం మీద జిగురు, దాని మీద చీమల బారు, కింద ఆకుల మీద మసి కనిపిస్తోందా? తోటలో జరుగుతున్నదే చిన్న సైజులో మీ కుండీలోనూ జరుగుతోంది. అందుకే మా ఊళ్లో చాలామంది తోటలో కొట్టే మందునే పెరట్లోకి కూడా తెచ్చేస్తుంటారు. దాని గురించే ఈ వారం కొంచెం గట్టిగా చెప్పాలి.

జిగురు ఎక్కడిది?

పిండినల్లి, పేనుబంక, తెల్లదోమ, పొలుసు పురుగు, మామిడి తేనెమంచు పురుగు... ఇవన్నీ సూదిలాంటి నోటితో మొక్క రసం తాగే జాతులు. ఆ రసంలో చక్కెర ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. కావలసిన మాంసకృత్తుల కోసం పురుగు బోలెడంత రసం తాగాలి. అక్కర్లేని చక్కెర నీళ్లని వెనక నుంచి వదిలేస్తుంది. మనం తేనె అంటున్న జిగురు అదే. చీమలు దాని కోసమే ఎక్కుతాయి. చీమలు తినగా మిగిలిన తీపి మీద నల్లటి బూజు పెరుగుతుంది. దాన్నే మసి తెగులు అంటారు. ఈ బూజు ఆకు లోపలికి వెళ్లదు, పైన దుప్పటిలా పరుచుకుని ఎండ తగలనివ్వదు, అంతే. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. పురుగు తగ్గితే మళ్లీ రాదు. కాబట్టి మసికి విడిగా మందు కొనక్కర్లేదు.

మా ఆఫీసులో అర్ధరాత్రి సర్వర్ పడిపోతే ఎవరూ ముందుగా కోడ్ మీద చెయ్యి వెయ్యరు. లాగ్ చూస్తాం, ఏది ఎప్పుడు మొదలైందో వెతుకుతాం. మొక్క విషయంలో లాగ్ అంటే నాకు చీమల బారే. అది ఎక్కడికి వెళ్తోందో చూస్తే పురుగు ఎక్కడుందో తెలిసిపోతుంది. సాధారణంగా కొమ్మ చివర, మొగ్గ తొడిమ దగ్గర, ఆకు అడుగున ఈనెల పక్కన ఉంటుంది.

చీమలు ఊరికే తిని పోవు. ఆ పురుగులకి కాపలా కూడా కాస్తాయి. పురుగుల్ని తినడానికి వచ్చే అక్షింతల పురుగుల్ని, చిన్న కందిరీగల్ని తరిమేస్తాయి. అందుకే నా లెక్కలో మొదటి పని మందు కొట్టడం కాదు, చీమల దారి మూయడం. కుండీ ఆకులు గోడకి, గ్రిల్‌కి, పక్క మొక్కకి తగలకుండా జరపండి. కుండీ స్టాండు కాళ్లకి నాలుగు వేళ్ల వెడల్పున ప్లాస్టిక్ కాగితం చుట్టి, దాని మీద గ్రీజు రాయండి. పెరట్లో పెద్ద మొక్కైతే మొదలుకి అలాగే కాగితం చుట్టి రాయండి, గ్రీజు నేరుగా బెరడుకి తగలనివ్వొద్దు. మామిడి మొదళ్లకి పిండినల్లి ఎక్కకుండా ప్లాస్టిక్ పట్టీ కట్టమని చెబుతుంటారు. ఇదీ అదే ఉపాయం.

ట్యాంకు అడుగున మిగిలిన మందు

మా బాబాయి ఆగిరిపల్లి రోడ్డులో తోట కౌలుకి చేస్తాడు. చిన్నరసాలు, బంగినపల్లి, నాలుగు వరసలు కలెక్టరు. పూత మీద పురుగు పడితే ఆ ఏడాది కౌలు డబ్బు కూడా చేతికి రాదు. అందుకని మందు కొట్టక తప్పదంటాడు. ఆయన బాధ నాకు తెలుసు కాబట్టి ఆ విషయంలో వాదించను.

వాదన వచ్చింది అమ్మ మందారం దగ్గర. పెరట్లో ముద్దమందారానికి పిండినల్లి పట్టిందని విని, ఒక సాయంత్రం తోట నుంచి వస్తూ వీపున ట్యాంకుతోనే లోపలికి వచ్చాడు.

"ఏమ్మా, కంప్యూటర్లో దొరికిందా మందు? ఇదిగో, అడుగున రెండు లీటర్లుంది. ఒక్క దెబ్బకి పిండీ ఉండదు, నల్లీ ఉండదు."

"రేపు పొద్దున్నే అమ్మ దేవుడికి ఏ పువ్వు కోస్తుంది బాబాయ్?"

"కడుక్కుంటే పోతుందిలే."

అన్ని మందులూ కడిగితే పోవు. చెట్టులోకి ఇంకి రసంతో పాటు తిరిగే మందులు కొన్నున్నాయి. అవి పూరేకులోనూ ఉంటాయి. పైగా మామిడికి మందు కొడితే కోతకి ఇన్ని రోజులు ఆగాలని డబ్బా మీద రాసుంటుంది. అమ్మ మందారానికి ఆ గడువు ఎక్కడిది? ఒక్క రాత్రి. ఆ పువ్వు దేవుడి పటం దగ్గర్నుంచి మా అక్క కూతురి చేతికి వస్తుంది. దానికి రెండేళ్లు. చేతికొచ్చింది నోట్లో పెట్టుకునే వయసు. పక్కనే కరివేపాకు చెట్టు, ఆ పక్కన తులసి కోట. పెరట్లో పూలమొక్క ఒంటరిగా ఉండదు కదా, మనం తినేవి, తాగేవి, తాకేవి అన్నీ దాని చుట్టూనే ఉంటాయి.

ఇంకో సంగతి. ట్యాంకు అడుగున ఉన్నది ఒకటే మందని నమ్మకం లేదు. రెండు మూడు కలిపి కొట్టడం మామూలే. ఎంత పాళ్లలో కలిపిందీ కొట్టినవాళ్లకే గుర్తుండదు. దాన్ని తెచ్చి కుండీలో మొక్క మీద పోస్తే లేత ఆకులు మాడిపోవచ్చు కూడా.

డబ్బాల మీద ఉండే రంగు గుర్తు మా ఇంట్లో అందరికీ నేర్పించాను. మన దేశంలో పురుగుమందు డబ్బా మీద విషం తీవ్రతని రంగుతో చెబుతారు. ఎరుపు అత్యంత ప్రమాదం, తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, అన్నిటికన్నా తక్కువ ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే ప్రమాదం లేదని కాదు, మిగతా వాటితో పోలిస్తే తక్కువని. ఎరుపు, పసుపు గుర్తులున్నవి ఇంటి గుమ్మం దాటి రాకూడదని మా ఇంట్లో ఒప్పందం. మోనోక్రోటోఫాస్ పేరు మీరు వినే ఉంటారు. కూరగాయల మీద దాన్ని ఎప్పుడో ఆపేశారు, 2023లో కేంద్రం దాని మీద నిషేధ ఉత్తర్వు ఇచ్చింది. అయినా పాత సీసాలు పశువుల పాకల్లో, అటకల మీద ఇంకా ఉంటాయి. మీ ఇంట్లో ఉంటే గనక, పూలమొక్కల కోసం మాత్రం దాని మూత తియ్యకండి. పొరపాటున ఎవరైనా ఏ మందైనా మింగితే వాంతి చేయించే ప్రయత్నాలు చెయ్యొద్దు, 108కి ఫోన్ చేసి, ఆ డబ్బాని కూడా ఆసుపత్రికి పట్టుకెళ్లండి. డాక్టరుకి ముందు కావలసింది మందు పేరు.

మూడు వారాల లెక్క

బాబాయి ట్యాంకు పక్కన పెట్టించాక, నేనేం చేశానో వరసగా చెబుతాను.

మొదటి రోజు లెక్కపెట్టాను. మందారానికి పద్నాలుగు కొమ్మ చివర్లు తెల్లగా ఉన్నాయి. బాగా ముడుచుకుపోయిన తొమ్మిదింటిని జానెడు కిందికి కత్తిరించి, అక్కడికక్కడే ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టి ఎండలో పెట్టాను. కత్తిరించినవి కంచె పక్కన పారేస్తే పిల్ల పురుగులు నడుచుకుంటూ మళ్లీ ఎక్కుతాయి. మిగిలిన ఐదింటినీ పాత టూత్‌బ్రష్‌ని సబ్బు నీళ్లలో ముంచి తోమాను. తర్వాత పైపుతో, ముఖ్యంగా ఆకుల అడుగున, గట్టిగా నీళ్లు కొట్టాను.

రెండో రోజు సాయంత్రం వేపనూనె కొట్టాను. లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీళ్లలో కలవడానికి అరచెంచా గిన్నెలు తోమే సబ్బు ద్రవం. ముందు నూనెలో సబ్బు వేసి గిలక్కొట్టి, తర్వాత కొద్దికొద్దిగా నీళ్లు పోయాలి. కలిపింది ఆ పూటే వాడెయ్యాలి. ఎండలో కొడితే ఆకులు మాడతాయి. ముందుగా రెండు ఆకుల మీద కొట్టి మర్నాడు చూస్కోండి.

పిండినల్లి ఒంటి మీద మైనం పొర ఉంటుంది, నీటి చుక్క జారిపోతుంది. పెద్ద మందులు కొట్టినా చాలాసార్లు పని చెయ్యకపోవడానికి కారణం అదే. గుడ్లు కూడా దూదిలాంటి సంచిలో దాగుంటాయి. మైనం పొర ఇంకా పట్టని పిల్ల పురుగులప్పుడే మన సబ్బు, నూనె బాగా పనిచేస్తాయి. కాబట్టి ఒక్కసారి కొట్టి వదిలేస్తే లాభం లేదు. వారానికోసారి, మూడు సార్లు.

రెండో వారంలో ఆ కొమ్మల మీద ఒక కొత్త పురుగు కనిపించింది. ఇది కూడా తెల్లగానే ఉంది, ఒంటి నిండా దూదిపోగులు వేలాడుతున్నాయి. కానీ పిండినల్లికి రెండింతలుంది, చీపురుపుల్లతో కదిలిస్తే గబగబా నడిచింది. అమ్మ బ్రష్ పట్టుకుని వచ్చేసింది. నేను ఆపాను. అక్షింతల పురుగుల్లో కొన్ని జాతుల పిల్ల పురుగులు అచ్చం ఇలాగే ఉంటాయి, పిండినల్లి వేషంలో తిరుగుతూ పిండినల్లినే తింటాయి. వాటిలో క్రిప్టోలీమస్ అనే రకాన్ని ఆస్ట్రేలియా నుంచి 1898లోనే దక్షిణ భారతానికి తెచ్చారు. తెచ్చింది కాఫీ తోటల్లో పొలుసు పురుగు కోసం, ఇక్కడ అది బాగా పనికొచ్చింది పిండినల్లి మీద. ఇప్పటికీ ప్రయోగశాలల్లో పెంచి రైతులకి ఇస్తుంటారు. మీ మొక్క మీద ఇలాంటివి కనిపిస్తే ఆ కొమ్మ మీద ఏమీ కొట్టకండి, వేపనూనె కూడా వద్దు.

ఇరవై ఒకటో రోజుకి రెండు కొమ్మ చివర్ల మీద మాత్రం పిండి మిగిలింది. పక్క కుండీలో చిన్న రెక్క మందారం ఒకటి బతకలేదు. మొదలు దాకా పట్టేసింది, పీకేశాం. ముద్దమందారానికి కత్తిరించిన చోటల్లా కొత్త చిగుళ్లు వచ్చాయి.

ఒక కందిరీగ చేసిన పని

ఇంటి పెరట్లో ఇదంతా సాగుతుంది గానీ పెద్ద ఎత్తున కుదరదని బాబాయి మాట. ఆయనకి బొప్పాయి పిండినల్లి కథ చెప్పాను. 2008లో కోయంబత్తూరులో అది మన దేశంలో మొదటిసారి కనిపించింది. బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం, మందారం, దేవగన్నేరు, దేన్నీ వదల్లేదు. రైతులు మందు మీద మందు కొట్టారు, లొంగలేదు. చివరికి 2010లో ప్యూర్టో రికో దీవి నుంచి మూడు రకాల చిన్న కందిరీగల్ని తెప్పించి, బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటకాల సంస్థ ద్వారా పెంచి వదిలారు. వాటిలో అసిరోఫేగస్ పపాయే అనేది ఆవగింజ కన్నా చిన్నది, మనిషిని కుట్టదు. పిండినల్లి ఒంట్లో గుడ్డు పెడుతుంది, పిల్ల లోపల్నుంచి తినేస్తుంది. కొద్ది నెలల్లోనే పిండినల్లి అదుపులోకి వచ్చింది. కందిరీగల్ని వదిలిన చోట మందులు కొట్టొద్దని శాస్త్రవేత్తలు ఒకటికి పదిసార్లు చెప్పాల్సి వచ్చింది.

2016లో పొల్లాచ్చి దగ్గర బయటపడిన సర్పిలాకార తెల్లదోమదీ అదే దారి. కొబ్బరి ఆకుల అడుగున ముగ్గు చుట్టల్లా తెల్లగా పెడుతుందే, అదే. గోదావరి జిల్లాల కొబ్బరికి పాకింది, మా ఏలూరు జిల్లా ఆయిల్‌పామ్ తోటల్లోకీ వచ్చింది. దాన్ని అదుపు చేసేది ఎన్‌కార్సియా అనే కందిరీగ. దీనికీ రసాయన మందులు కొట్టొద్దన్నదే సలహా, కొడితే ముందు చచ్చేది ఆ కందిరీగే.

తెల్లదోమ తనంతట తాను అంత దూరం ఎగరలేదు. మొక్కలతో పాటు లారీలెక్కి ప్రయాణం చేస్తుంది. మనలో చాలామంది కడియం, కడియపులంక నర్సరీలకి వెళ్లి డిక్కీ నిండా మొక్కలు తెచ్చుకుంటాం. తెచ్చుకోండి, నేనూ తెచ్చుకుంటాను. కానీ కొత్త మొక్కని పాత మొక్కల పక్కన వెంటనే పెట్టకండి. మూడు వారాలు విడిగా ఉంచండి. కొనేటప్పుడే ఆకు తిప్పి అడుగు చూడండి, మొగ్గల సందులు చూడండి, కుండీ అంచు కింద వేలుతో తడమండి. ఈ రెండు నిమిషాలు చాలా పని తగ్గిస్తాయి.

పురుగు కానివి, కనిపించనివి

పిండినల్లి కాకుండా ఎక్కువగా వచ్చేవి ఇంకో నాలుగున్నాయి.

గులాబీ మొగ్గ విచ్చుకోకుండా అంచులు కాలినట్టుంటే తామర పురుగులు. తెల్ల కాగితం మీద మొగ్గని తట్టండి, సన్నటి గీతల్లాంటివి పాకుతాయి. 2021లో గుంటూరు మిరపని ముంచేసింది ఈ కుటుంబపు పురుగే. ఐరోపాలో అదే జాతి గాజు ఇళ్లలోని పూలకుండీలకి పట్టే పురుగుగా తెలుసు. పట్టిన మొగ్గలు తుంచి సంచిలో కట్టెయ్యండి.

ఆకు మీద పాలిపోయిన చుక్కలు, అడుగున సన్నటి సాలెగూడు ఉంటే ఎర్రనల్లి. వేసవిలో, దుమ్ము పడే రోడ్డు పక్క ఇళ్లలో ఎక్కువ. ఇది కీటకం కాదు, సాలీడు బంధువు. మామూలు పురుగుమందులు కొన్నిటికి ఇది చావకపోగా ఎక్కువవుతుంది, ఎందుకంటే దాన్ని తినేవి చచ్చిపోతాయి. రోజు విడిచి రోజు ఆకుల అడుగున నీళ్లు కొట్టడం మంచి వైద్యం.

చామంతి చిగుళ్ల మీద పచ్చగానో నల్లగానో గుంపుగా ఉండేది పేనుబంక. ఆ గుంపులో గోధుమరంగులో ఉబ్బి కదలకుండా ఉన్నవి కనిపిస్తే వాటి లోపల కందిరీగ పిల్ల ఉన్నట్టు. వాటిని వదిలెయ్యండి.

గులాబీ ఆకు మీద అంచులు చెదిరిన నల్లమచ్చలు, కొమ్మ పైనుంచి కిందికి ఎండటం, ఇవి శిలీంధ్రాల పని. పురుగుమందు ఎంత పోసినా దండగే. ఆకులు తడవకుండా పొద్దుటిపూట మొదట్లో నీళ్లు పోయండి, రాలిన ఆకులు ఏరెయ్యండి, ఎండిన కొమ్మని పచ్చి భాగం దాకా కోసెయ్యండి.

అన్నిటికీ కలిపి ఒక మాట. గుప్పెడు యూరియా వేస్తే మొక్క ఏపుగా వస్తుంది, ఆ లేత చిగురే రసం పీల్చే పురుగులకి విందు భోజనం. చివికిన పశువుల ఎరువు నెలకో గుప్పెడు చాలు. కుండీల మధ్య రెండు బంతి మొక్కలు పెట్టండి. వాటి పువ్వులకి వచ్చే సిర్ఫిడ్ ఈగల పిల్లలు పేనుబంకని తింటాయి. మామిడి పూతకి పరాగం చేరవేసేవాటిలో ఈగలే ఎక్కువ. మీ బంతి మొక్క పక్కవాళ్ల తోటకి కూడా పనికొస్తుందన్నమాట.

బాబాయి ఈసారి కూడా పూత మీద మందు కొట్టాడు. కాకపోతే పురుగుని లెక్కచూసి, రెండుసార్లతో ఆపాడు, చేతులకి గ్లోవ్స్, మూతికి మాస్కు వేసుకున్నాడు. మా నూజివీడులోనే మామిడి పరిశోధన స్థానం ఉంది, పూత ముగిశాక అక్కడికి వెళ్లి అడుగుదాం రమ్మంటే సరేనన్నాడు. వరండా అలమారలో ఉండే పాత సీసాలన్నీ తోట షెడ్డులోకి మార్చి తాళం వేశాడు. ఖాళీ డబ్బాల్ని మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు ట్యాంకులోనే పోసి, అడుగున చిల్లు పెడుతున్నాడు, ఎవరూ నీళ్లకి వాడకుండా.

మీ ఇంట్లో మందు డబ్బాలు ఎక్కడున్నాయో ఈ ఆదివారం ఒకసారి చూస్కోండి. తర్వాత ఒక్క కుండీ దగ్గర కూర్చుని ఆకు తిప్పి అడుగు చూడండి. వచ్చే వారం వేసవికి కుండీ మట్టి ఎలా కలుపుకోవాలో చెప్పుకుందాం, మా ఎర్రమట్టితో సహా.